నిక్సీ గడియారానికి చలవ

నారింజ రంగులో ఏదైనా వెలుగుతుంటే మన కన్ను దాన్ని నిప్పు కిందే జమకడుతుంది. పొయ్యిలో కణిక, కిరోసిన్ దీపం వత్తి, పాతకాలపు బల్బులో తీగ, అన్నీ ఇంచుమించు ఆ రంగే, అన్నీ చెయ్యి కాల్చేవే. అందుకే నిక్సీ ట్యూబుల గడియారాన్ని మొదటిసారి చూసినవాళ్లు అంకెల దగ్గరికి అరచెయ్యి పోనిచ్చి సెగ తగులుతుందేమోనని చూస్తారు. తగలదు. గాజు కాస్త వెచ్చబడి ఉంటుంది, అంతే. అసలు వేడి పుట్టేది ఎవరూ చెయ్యి పెట్టి చూడని చోట, కింద ఉన్న చెక్కపెట్టెలో.

ఈ గడియారాన్ని ఇంట్లోనే చేసుకుందామని సరదాపడే పిల్లలు సర్క్యూటు బొమ్మ గీసుకుంటారు, ట్యూబులు తెప్పించుకుంటారు, వడ్రంగితో చక్కటి టేకు పెట్టె చేయించుకుంటారు. వేడి సంగతి మాత్రం ఆఖరికి గుర్తొస్తుంది, అదీ పెట్టె బిగించేశాక. దాన్ని అన్నిటికంటే ముందు ఆలోచించాలి నాయనా. ఏ పార్టు ఎక్కడ పెట్టాలి, పెట్టెకు చిల్లులు ఎక్కడ పొడవాలి, ఏ వోల్టుల అడాప్టర్ కొనాలి, ఇవన్నీ దాన్నిబట్టే తేలతాయి.

ముందు ట్యూబు సంగతి. గాజు బుడ్డిలో అంకెల ఆకారంలో కత్తిరించిన పల్చటి లోహపు రేకులు పది, సున్నా నుంచి తొమ్మిది దాకా, ఒకదాని వెనక ఒకటి పేర్చి ఉంటాయి. వాటి ముందు సన్నటి జాలీ. లోపల నియాన్ వాయువు, బయటి గాలితో పోలిస్తే చాలా తక్కువ ఒత్తిడిలో. జాలీకి ప్లస్సు, మనకు కావలసిన అంకెకు మైనస్సు ఇచ్చి వోల్టేజీని 170 దాకా పెంచితే నియాన్ పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడిపోయి విద్యుత్తు పారడం మొదలవుతుంది. ఆ అంకె చుట్టూ వెలుగు అంటుకుంటుంది. ఒకసారి వెలిగాక ట్యూబు మీద 140 వోల్టులు నిలిస్తే చాలు. 1955లో అమెరికాలోని బరోస్ కంపెనీ వీటిని బజారుకు తెచ్చింది. ఆ తర్వాత చాలా ఏళ్లపాటు ప్రయోగశాలల్లో వోల్టు మీటర్లు, ఫ్రీక్వెన్సీ కౌంటర్లు, తొలినాళ్ల ఎలక్ట్రానిక్ కాలిక్యులేటర్లు వీటితోనే అంకెలు చూపించాయి. ఎల్ఈడీలు వచ్చి వీటిని పక్కకు నెట్టినా సోవియట్ కర్మాగారాలు ఇంకా చాలాకాలం చేస్తూనే ఉన్నాయి. ఇవాళ మన చేతికి వచ్చే ఐఎన్-12, ఐఎన్-14 రకాలు అప్పటి గోదాముల్లో మిగిలిన సరుకే. కొత్తగా చేసేవాళ్లూ లేకపోలేదు. చెక్ రిపబ్లిక్‌లో దాలిబోర్ ఫర్నీ అనే ఆయన మరుగునపడిన ఈ విద్యను మొదటి నుంచి నేర్చుకుని మళ్లీ పెద్ద ట్యూబులు తయారుచేస్తున్నాడు. అలాంటి మనుషులంటే నాకు ఎంతో గౌరవం.

పాత రేడియోలో వాల్వు కూడా గాజు బుడ్డే, అదీ వెలుగుతుంది, కానీ దాని స్వభావం వేరు. వాల్వులో ఎలక్ట్రాన్లు బయటికి రావాలంటే కాథోడ్‌ను ఏడెనిమిది వందల డిగ్రీలకు కాల్చాలి. ఈసీసీ83 అనే చిన్న వాల్వు ఉంది. దాన్ని కాల్చే తీగ ఒక్కటే 6.3 వోల్టుల దగ్గర 0.3 ఆంపియర్లు తీసుకుంటుంది, అంటే దాదాపు రెండు వాట్లు. పాట వచ్చినా రాకపోయినా ఆ ఖర్చు తప్పదు. వేడి లేకపోతే వాల్వు పనే చెయ్యదు. నిక్సీలో కాల్చే తీగే లేదు. ఐఎన్-14 ట్యూబు 140 వోల్టుల దగ్గర రెండున్నర మిల్లీఆంపియర్లు తీసుకుంటుంది. గుణిస్తే 0.35 వాట్. అందులో వెలుగయ్యేది చాలా కొంచెం, మిగతాదంతా వేడే. కానీ ఆ వేడి వేలెడంత గాజు మీద మొత్తం పరుచుకుని నేరుగా గదిలోకి పోతుంది. గాజు గదికంటే పది, పన్నెండు డిగ్రీలు మాత్రమే హెచ్చుగా ఉంటుంది.

పైగా మన ఎండాకాలం ఈ ట్యూబును ఏమీ చెయ్యలేదు. బుడ్డి మూసేసి ఉంది కాబట్టి వేడెక్కితే లోపల ఒత్తిడి పెరుగుతుంది గానీ నియాన్ పరమాణువుల లెక్క మారదు. ట్యూబు ఎన్ని వోల్టులకు వెలగాలో నిర్ణయించేది ఘన సెంటీమీటరుకు ఎన్ని పరమాణువులున్నాయనే సంగతి. అందువల్ల మే నెలలో రెంటచింతలలోనూ, డిసెంబరులో లంబసింగిలోనూ ఇంచుమించు అదే వోల్టేజీకి అంకె వెలుగుతుంది. ఇంకోటి కూడా ఉంది. చాలా ట్యూబుల్లో చిటికెడు పాదరసం కలుపుతారు. అయాన్లు వచ్చి కొట్టే దెబ్బలకు అంకెల లోహం అరిగిపోకుండా ఆ పాదరసపు ఆవిరి కాపాడుతుంది. చలిలో ఆవిరి తక్కువ, వెచ్చదనంలో ఎక్కువ. కాబట్టి వెచ్చగా ఉండటం ట్యూబుకు మేలే.

"మరి తాతయ్యా, ట్యూబు వెచ్చగానే ఉంటే పెట్టె అంతలా ఎందుకు కాగుతోంది?" అని అడిగింది మా మనవరాలు.

మంచి ప్రశ్న తల్లీ. ఆరు అంకెల గడియారం ఒకటి తీసుకుని ప్రతి వాటూ ఎక్కడికి పోతుందో లెక్క వేద్దాం. గంటలకు రెండు ట్యూబులు, నిమిషాలకు రెండు, సెకన్లకు రెండు. ట్యూబుకు 0.35 చొప్పున ఆరింటికి 2.1 వాట్లు. ఒక్కో ట్యూబుకు ముందు ఒక రెసిస్టర్ ఉండాలి. ఎందుకంటే నియాన్ ఒకసారి అంటుకున్నాక దానికి తనంత తాను ఆగడం తెలియదు, కరెంటును ఎవరో ఒకరు పట్టి ఉంచాలి. సరఫరా 180 వోల్టులైతే ట్యూబు 140 ఉంచుకుని మిగతా 40 రెసిస్టర్ మీద పడతాయి. అక్కడ 0.1 వాట్, ఆరింటికి 0.6. ఇక పన్నెండు వోల్టుల అడాప్టర్ నుంచి 180 వోల్టులు తెచ్చే సర్క్యూట్ నూటికి డెబ్బై ఐదు వంతులే బయటికి ఇస్తుందనుకుందాం. ఇంటి పనితనానికి అది మంచి లెక్కే. 2.7 వాట్లు ఇవ్వడానికి 3.6 తింటుంది, 0.9 అక్కడే వేడైపోతుంది. అంకెలను ఎంచి వెలిగించే పాత సోవియట్ చిప్పులు, కే155ఐడీ1 అంటారు, ఖాళీగా కూర్చున్నా ఒక్కోటి పదిహేను, ఇరవై మిల్లీఆంపియర్లు తాగుతాయి. ఆరు చిప్పులూ, గడియారపు మైక్రోకంట్రోలరూ కలిపి అయిదు వోల్టుల దగ్గర 120 మిల్లీఆంపియర్లు, అంటే 0.6 వాట్.

ఆ అయిదు వోల్టులు ఎక్కడి నుంచి వస్తున్నాయి? ఇక్కడే చాలామంది చెయ్యి కాల్చుకుంటారు. హైదరాబాదు కోఠీలో ఏ ఎలక్ట్రానిక్స్ దుకాణానికి వెళ్లి అడిగినా మూడు కాళ్ల 7805 రెగ్యులేటర్ చేతిలో పెడతారు. చవక, నమ్మకమైనది, పాడుచేద్దామన్నా తొందరగా పాడవదు. కానీ దాని పద్ధతి ఒకటే: పన్నెండు వోల్టులు తీసుకుని అయిదు ఇస్తుంది, మిగిలిన ఏడింటినీ వేడి చేసి పారేస్తుంది. ఏడు వోల్టులను 120 మిల్లీఆంపియర్లతో గుణిస్తే 0.84 వాట్. అంటే అది నడిపే చిప్పులన్నీ కలిసి వాడేదానికంటే అది ఒక్కటే తగలేసేది ఎక్కువ. హీట్ సింక్ లేకుండా నిలకడ గాలిలో ఉన్న 7805 లోపలి చిప్పు ఒక వాటుకు సుమారు అరవై డిగ్రీలు పైకెక్కుతుంది. ఇక్కడ యాభై డిగ్రీలనుకోండి. పెట్టెలో గాలి 55 ఉంటే చిప్పు 105. చచ్చిపోదు, కానీ చుట్టుపక్కల ఉన్నవాటిని ఉడకబెడుతుంది.

మొత్తం కూడితే అయిదు వాట్లు. అందులో ట్యూబులవి 2.1 పెట్టె బయటే పోతాయి. పెట్టె లోపల పుట్టేవి మూడు వాట్లకు కాస్త అటూ ఇటూ. మూడు వాట్లేగా అనిపిస్తుంది. ఇరవై అయిదు సెంటీమీటర్ల పొడవు, ఎనిమిది వెడల్పు, అయిదు ఎత్తు ఉన్న మూసిన చెక్కపెట్టెలో ఆ మూడు వాట్లు లోపలి గాలిని గదికంటే పదిహేను డిగ్రీలు పైకి తీసుకెళ్లగలవు. గదిలో నలభై ఉంటే పెట్టెలో 55.

ఇక కొందరు ట్యూబుల కింద రంగురంగుల ఎల్ఈడీలు పెడతారు. నాకు అవి నచ్చవు. నియాన్ వెలుగు ఒక్కటే చాలు, దాని పక్కన నీలం రంగు పెడితే అంకె వెలవెలబోతుంది. నచ్చడం సంగతి పక్కనపెట్టి వేడి లెక్కే చూడండి. అలాంటి రంగుల ఎల్ఈడీ ఒకటి తెల్లగా పూర్తి వెలుగు ఇస్తే అరవై మిల్లీఆంపియర్లు తీసుకుంటుంది. ఆరింటికి 360. అయిదు వోల్టుల దగ్గర 1.8 వాట్లు. అవి కూడా అదే 7805 మీద పడితే, 360 మిల్లీఆంపియర్లను ఏడు వోల్టులతో గుణించండి, అదనంగా రెండున్నర వాట్లు ఆ గోరంత పార్టు మీద! హీట్ సింక్ లేకపోతే దానిలో ఉన్న రక్షణ ఏర్పాటు మేలుకుని దాన్ని ఆపేస్తుంది. చల్లబడ్డాక మళ్లీ తెరుస్తుంది, మళ్లీ ఆపుతుంది. ఇంటివాళ్లేమో గడియారానికి పూనకం వచ్చిందనుకుంటారు.

కాబట్టి వేడిని బయటికి పంపే మార్గం వెతికేముందు దాన్ని పుట్టించడం ఎంత మానగలమో చూడాలి. 7805 స్థానంలో సరిగ్గా అదే మూడు కాళ్ల కొలతలో స్విచింగ్ రెగ్యులేటర్లు దొరుకుతున్నాయి. అవి మిగులు వోల్టులను కాల్చెయ్యవు, కరెంటును ముక్కలుముక్కలుగా కోసి కాయిల్‌లో దాచి ఇస్తాయి. 0.84 వాట్ నష్టం 0.1 లోపుకు దిగుతుంది. ఈ ఒక్క మార్పుతో పెట్టెలోని వేడి నాలుగో వంతు పోయినట్టే. తొమ్మిది వోల్టుల అడాప్టర్ పెడితే 7805 కొంత చల్లబడే మాట నిజమే, కానీ అప్పుడు 180 వోల్టులు తెచ్చే సర్క్యూట్ మరింత కరెంటు లాగాల్సి వచ్చి అది వేడెక్కుతుంది. ఒకచోట తగ్గిన వేడి ఇంకోచోట లేస్తుంది. నేనైతే పన్నెండు వోల్టులే ఉంచి రెగ్యులేటర్ మారుస్తాను. పాత సోవియట్ చిప్పుల బదులు ఎంపీఎస్ఏ42 ట్రాన్సిస్టర్లు వాడితే ఇంకో అర వాట్ దాకా కలిసొస్తుంది. అవి మూడు వందల వోల్టులు తట్టుకుంటాయి. ట్యూబులతో పాటు పుట్టిన చిప్పులే కావాలి, పాతదనం చెడకూడదు అంటారా, ఆ మనసు నాకు అర్థమవుతుంది, వాటికే చోటివ్వండి.

ఇప్పుడు 180 వోల్టుల సర్క్యూట్. కాస్త నెమ్మదిగా చూడాల్సింది దీన్నే. ఇందులో ఒక కాయిల్, ఒక మాస్‌ఫెట్, ఒక డయోడ్, ఒక కెపాసిటర్ ఉంటాయి. మాస్‌ఫెట్ కరెంటుకు కుళాయి లాంటిది, సెకనుకు కొన్ని పదుల వేల సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. అది మూసిన ప్రతిసారీ కాయిల్‌లో నిల్వైన శక్తి డయోడ్ దాటి కెపాసిటర్‌లోకి దూకుతుంది. పూర్తిగా తెరిచినప్పుడు మాస్‌ఫెట్ పెద్దగా వేడెక్కదు, పూర్తిగా మూసినప్పుడు అసలే వేడెక్కదు. తెరవడానికీ మూయడానికీ మధ్య ఉన్న క్షణంలోనే వోల్టేజీ, కరెంటు రెండూ ఒకేసారి దాని మీద ఉంటాయి, వేడి అప్పుడే పుడుతుంది. ఎమ్‌సీ34063 అనే చవక చిప్పుతో ఐఆర్ఎఫ్740 మాస్‌ఫెట్‌ను నడిపేవాళ్లకు ఈ బాధ బాగా తెలుసు. ఆ చిప్పు మాస్‌ఫెట్ గేటును తెరవగలదు గానీ చప్పున మూయలేదు. గేటు దగ్గర ఒక చిన్న పీఎన్‌పీ ట్రాన్సిస్టర్, ఒక డయోడ్ కలిపితే మూయడం చురుకవుతుంది, చెయ్యి కాల్చే మాస్‌ఫెట్ గోరువెచ్చకు దిగుతుంది.

డయోడ్ విషయంలోనూ జాగ్రత్త. ఇంట్లో పాత బోర్డుల నుంచి పీకిన 1ఎన్4007 ప్రతివాళ్ల డబ్బాలోనూ ఉంటుంది. వెయ్యి వోల్టులు తట్టుకుంటుంది, ఇంకేం కావాలనిపిస్తుంది. అది సెకనుకు యాభై సార్లు ఊగే ఇంటి కరెంటు కోసం చేసింది. యాభై వేల సార్లు మూసుకోమంటే ఆలస్యం చేస్తుంది, ఆ ఆలస్యంలో కరెంటు వెనక్కి పారి డయోడునూ మాస్‌ఫెట్‌నూ కాలుస్తుంది. యూఎఫ్4004 కొనండి. అది 50 నానోసెకన్లలో మూసుకుంటుంది. కాయిల్ కూడా కాస్త పెద్దదే తీసుకోండి. ఫెరైట్ వేడెక్కినకొద్దీ అది పట్టగల అయస్కాంతం తగ్గుతుంది, తగ్గితే కరెంటు ఎగబాకుతుంది, ఎగబాకితే ఇంకా వేడెక్కుతుంది. మాస్‌ఫెట్‌దీ అదే తీరు, వేడికి దాని నిరోధం పెరుగుతుంది. చల్లటి గదిలో వారం పాటు చక్కగా నడిచిన గడియారం ఎండ ముదిరిన మధ్యాహ్నం ఉన్నట్టుండి దెబ్బతినడానికి ఈ చక్రమే కారణం.

ఒక ముఖ్యమైన హెచ్చరిక ఇక్కడే చెప్పాలి. వేడెక్కిందో లేదో వేలు పెట్టి చూడటం మనకు అలవాటు. ఈ గడియారంలో ఆ అలవాటు వద్దు. 7805 వీపున ఉన్న లోహపు రేకు నేలకు, అంటే మైనస్సుకు, కలిసి ఉంటుంది, పర్వాలేదు. చూడటానికి దానిలాగే ఉండే ఐఆర్ఎఫ్740 వీపు రేకు మాత్రం డ్రెయిన్ అనే కాలికి కలిసి ఉంటుంది. దాని మీద 180 వోల్టులు ఎగిసి పడుతుంటాయి. దానికి హీట్ సింక్ బిగిస్తే ఆ హీట్ సింకూ కరెంటు కొడుతుంది. మధ్యలో మైకా బిళ్ల, స్క్రూకు ప్లాస్టిక్ గొట్టం తప్పనిసరి. ప్లగ్ పీకేశాక కూడా కెపాసిటర్‌లో వోల్టులు కాసేపు నిలుస్తాయి. మీటరు పెట్టి పడిపోయాయని చూశాకే చెయ్యి పెట్టండి.

సరే, వేడికి ట్యూబు జంకదన్నాం. మరి ఎవరు జంకుతారు? ఇద్దరు. మొదటిది ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్. దాని లోపల తడి ఉంటుంది, వేడికి అది మెల్లగా ఆరిపోతుంది. పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగమవుతుందని ఇంజనీర్లు వాడే మోటు లెక్క. 105 డిగ్రీల దగ్గర రెండు వేల గంటలని రాసి ఉన్న కెపాసిటర్ 85 దగ్గర ఎనిమిది వేల గంటలు, అంటే పదకొండు నెలలు. 65 దగ్గర ముప్పై రెండు వేలు, మూడున్నరేళ్ల పైచిలుకు. 55 దగ్గర ఏడేళ్లు. ఇందులో మన చేతిలో ఉన్నవి రెండు: పది వేల గంటల రకం కొనడం, దాన్ని కాయిల్‌కూ మాస్‌ఫెట్‌కూ ఆనించకుండా వేలి వెడల్పు దూరం పెట్టడం. బోర్డు గీసేటప్పుడు చోటు కలిసొస్తుందని వాటిని దగ్గరికి జరుపుతారు. అలా జరిపితే ఏళ్లు పోతాయి.

రెండోది క్వార్ట్జ్ స్ఫటికం, గడియారానికి ప్రాణం. సెకనుకు 32,768 సార్లు కంపించే ఆ స్ఫటికాన్ని 25 డిగ్రీల దగ్గర సరిగ్గా నడిచేలా కోస్తారు. అంతకంటే వేడెక్కినా చల్లబడినా నెమ్మదిస్తుంది, ఎప్పుడూ తొందరపడదు. నెమ్మదించేది తేడా వర్గాన్నిబట్టి. 45 డిగ్రీల దగ్గర తేడా ఇరవై, రోజుకు 1.2 సెకన్ల దాకా వెనకబడుతుంది. 55 దగ్గర తేడా ముప్పై, రోజుకు 2.6 సెకన్లు, నెలకు దాదాపు ఎనభై. తేడా ఒకటిన్నర రెట్లే, వెనకబడటం మాత్రం రెండు రెట్లు దాటింది. చేతి గడియారాలకు ఈ ఇబ్బంది తక్కువ, మన ఒంటి వెచ్చదనం ఏడాది పొడుగునా వాటిని ఇంచుమించు ఒకే చోట ఉంచుతుంది. పెట్టె గడియారానికి ఆ అదృష్టం లేదు. దీనికి విరుగుడుగా డీఎస్3231 అనే చిప్పు ఉంది. స్ఫటికాన్నీ థర్మామీటరునీ ఒకే పొట్టలో పెట్టుకుని, 64 సెకన్లకోసారి వేడి చూసుకుని, తన నడక తానే సరిదిద్దుకుంటుంది. నలభై డిగ్రీల లోపు పదిలక్షలకు రెండు వంతులే తప్పుతుంది, అంటే ఏడాదికి ఒక నిమిషం. ఎంత వివేకమైన చిప్పో చూడండి! దాని మాడ్యూల్ కొన్నప్పుడు బ్యాటరీని గమనించండి. చవక మాడ్యూళ్లలో చార్జింగ్ దారి ఒకటి ఉంటుంది, దానికి చార్జింగ్ చెయ్యకూడని సీఆర్2032 బిళ్ల వేస్తే ఉబ్బుతుంది. ఆ దారిలోని డయోడ్ పీకేస్తే సరి.

మిగిలిన వేడిని బయటికి పంపడం ఇక. మన పెద్దలు కట్టిన మండువా లోగిళ్లలో నడినెత్తిన తెరుపు ఉండేది, గదుల గోడలకు పైన వెంటిలేటర్లు ఉండేవి. వేడిగాలి తేలికై పైకి పోతే కింది గుమ్మాల నుంచి చల్లగాలి లోపలికి జొరబడేది. గడియారపు పెట్టెకు కావలసింది సరిగ్గా అదే ఏర్పాటు. కింద దారి లేకుండా పైన ఎన్ని చిల్లులు పొడిచినా గాలి కదలదు. కింద పలకకు కాయిల్, రెగ్యులేటర్ ఉన్న చోట చిల్లులు పెట్టి, పెట్టెను రబ్బరు కాళ్ల మీద సెంటీమీటరు ఎత్తులో నిలబెట్టాలి. పైన చిల్లులు కనిపిస్తే అందం చెడుతుందని బెంగ అక్కర్లేదు. ఐఎన్-14 ట్యూబు మందం పందొమ్మిది మిల్లీమీటర్లు. దానికి పైపలకలో పాతిక మిల్లీమీటర్ల రంధ్రం వెయ్యండి. చుట్టూ మూడు మిల్లీమీటర్ల ఖాళీ మిగులుతుంది, ఆరు ట్యూబులకు కలిపి పన్నెండు చదరపు సెంటీమీటర్ల దారి. ఎవరి కంటికీ ఆనదు. అయిదు సెంటీమీటర్ల ఎత్తు పెట్టెలో గాలి లాగుడు బలహీనమే. లోపల పది డిగ్రీలు హెచ్చుగా ఉన్నప్పుడు ఈ దారి ఒక వాటుకు అటూ ఇటూగా మోసుకుపోగలదు. మూడు వాట్ల పెట్టెకు అది చిన్న సాయం కాదు.

వెచ్చగా, చీకటిగా, దారి తెరిచి ఉన్న పెట్టె అంటే చీమలకూ బల్లిపిల్లలకూ ఇష్టం. 180 వోల్టుల మీద బల్లి పడితే దానికీ ముప్పే, బోర్డుకూ ముప్పే. కింది చిల్లులకు దోమల జాలీ ముక్క అంటించండి. కాకినాడ, విశాఖ లాంటి సముద్రపు ఊళ్లలో ఉప్పుగాలి, దుమ్ము బోర్డు మీద పేరుకుని ఎక్కువ వోల్టులకు దారి ఇస్తాయి, వెలగకూడని అంకె మసకగా కనిపిస్తుంది. అక్కడ బోర్డుకు వార్నిష్ పూత అవసరం. ఫ్యాన్ మాత్రం పెట్టకండి. దుమ్ము లాగుతుంది, రాత్రి గదిలో రొద చేస్తుంది, అయిదు వాట్ల వస్తువుకు అది అనవసరం.

టేకు అందమే గానీ వేడిని కదలనివ్వదు. అల్యూమినియం చెక్కకంటే వెయ్యి రెట్లు చురుగ్గా వేడిని మోస్తుంది. అందుకని పక్కలు టేకు, అడుగు పలక రెండు మిల్లీమీటర్ల అల్యూమినియం పెట్టమంటాను. 7805 వీపును దానికే బిగించొచ్చు, వేరే హీట్ సింక్ అక్కర్లేదు. మెరిసే ఇత్తడి, మెరిసే అల్యూమినియం పెట్టెలు చేయించేవాళ్లకు ఒక సంగతి. ఇంత కొద్దిపాటి వేడిలో వస్తువు చల్లబడటంలో దాదాపు సగం వంతు కంటికి కనిపించని పరారుణ కిరణాల ద్వారానే జరుగుతుంది. మెరుపు పెట్టిన లోహం ఆ కిరణాలను చాలా తక్కువ వదులుతుంది, రంగు వేసిన లోహం బాగా వదులుతుంది. ఏ రంగైనా సరే, తెలుపైనా నలుపైనా పరారుణానికి ఇంచుమించు ఒకటే. పై మెరుపు వదులుకోలేకపోతే అడుగు పలకకైనా రంగు వెయ్యండి.

గడియారాన్ని ఎక్కడ పెడతారన్నది కూడా చూసుకోవాలి. నడిమధ్యాహ్నపు ఎండ చదరపు మీటరుకు వెయ్యి వాట్లు కురిపిస్తుంది. మన పెట్టె పైపలక ఇరవై అయిదు, ఎనిమిది సెంటీమీటర్లు, అంటే దాని మీద ఇరవై వాట్లు. ముదురు టేకు అందులో చాలా భాగం మింగేస్తుంది. గడియారం సొంతంగా పుట్టించేది అయిదే. కిటికీలోంచి గంటసేపు ఎండ పడే బల్ల మీద పెడితే మనం ఇంతసేపూ తగ్గించిందంతా వృథా. ఫ్రిజ్ మీద, స్టెబిలైజర్ పక్కన కూడా వద్దు.

"రాత్రిపూట ఎవరూ చూడరు కదా, ఆపేస్తే?" అంది మా మనవరాలు. సరిగ్గా అన్నది. రాత్రి పదకొండు నుంచి తెల్లవారుజాము అయిదు దాకా 180 వోల్టులు ఆపేస్తే రోజులో నాలుగో వంతు ట్యూబులకూ కెపాసిటర్లకూ విశ్రాంతి. టైము లెక్కపెట్టే చిప్పు ఎలాగూ నడుస్తుంటుంది. మళ్లీ వెలిగించేటప్పుడు సున్నా నుంచి తొమ్మిది దాకా అంకెలన్నీ కాసేపు తిప్పించండి. గంటల పదుల స్థానంలో సున్నా, ఒకటి, రెండు తప్ప మిగతావి ఎప్పుడూ వెలగవు. వెలిగే అంకె నుంచి రాలిన లోహం వాటి మీద పేరుకుని అవి మచ్చలు పడతాయి.

అంతా అయ్యాక కొలిచి చూడాలి. పరారుణ థర్మామీటరు తుపాకీ ఉంటే మెరిసే లోహం మీద గురిపెట్టకండి, అది ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. కరెంటు ఆపి, ఆ చోట నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి, మళ్లీ నడిపి దాని మీద గురిపెట్టండి. తుపాకీ లేకపోయినా దిగులు లేదు. డీఎస్3231 పొట్టలో థర్మామీటరు ఉందన్నాం కదా, మూడు డిగ్రీల అటూ ఇటూ తేడాతో పెట్టెలో వేడి ఎంతో అదే చెబుతుంది. నిమిషానికోసారి ట్యూబుల మీదే ఆ అంకె చూపించేలా ప్రోగ్రామ్ రాసుకోవచ్చు. మూత బిగించి, ఫ్యాను ఆపిన గదిలో నాలుగైదు గంటలు నడవనివ్వండి. చెక్క వేడెక్కి నిలకడకు రావడానికి అంత సమయం పడుతుంది, అరగంటకు చూసి సంతోషపడకూడదు. అప్పుడు పెట్టెలోని డిగ్రీల నుంచి గదిలోని డిగ్రీలు తీసేయండి. వచ్చే తేడా జనవరిలో కొలిచినా మే నెలలో కొలిచినా ఇంచుమించు ఒకటే. దానికి మీ ఊళ్లో ఎండాకాలపు గది వేడి కలపండి. రామగుండం వాళ్లయితే 45 వేసుకోండి. మొత్తం 65 దాటితే మూత తీసి కింది చిల్లులు పెంచండి, రెగ్యులేటర్‌ను ఇంకోసారి చూడండి. 60కి లోపే ఉంటే స్క్రూలు బిగించేసుకోవచ్చు.